ఎలుకలలో వైరస్‌ల పరిశీలన – కార్మికుల ఆరోగ్య హక్కు

(పురపాలక, రేవు, గిడ్డంగి కార్మిక సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిక్షణా తరగతి కార్యక్రమ పత్రంలో వేతన ఒప్పందాలు, కాంట్రాక్టు విధానం, సామాజిక భద్రత వంటి అంశాల సరసన "నగరాలలోని ఎలుకలు, వాటిలోని వైరస్‌లు" అనే అంశాన్ని చూచి కొందరు మిత్రులు ఆశ్చర్యపడ్డారు. ఇది వైద్యులూ శాస్త్రజ్ఞులూ చర్చించుకోవలసిన విషయం కదా, కార్మిక సంఘానికి దీనితో పని ఏమిటని ప్రశ్నించారు. ప్రశ్న సహేతుకమైనదే. దానికి సమాధానం చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

నగరంలో ఎలుకకు అతి సమీపంగా జీవించేవాడు, పనిచేసేవాడు కార్మికుడు. మురుగు కాలువలో పూడిక తీసేవాడు, చెత్తకుండీ ఖాళీ చేసేవాడు, గోడౌనులో బస్తా మోసే హమాలీ, రేవులో సరుకు దించేవాడు, చీపురుతో మార్కెట్ యార్డు ఊడ్చే స్త్రీ, చివరకు బోను పెట్టి ఎలుకను పట్టి పరీక్షకు పంపేవాడు కూడా కార్మికుడే. ఎలుకను కోసి, దాని రక్తాన్ని పరీక్షించి, ఫలితాన్ని శాస్త్ర పత్రికలో ప్రచురించే వ్యవస్థ ఒకటి ప్రపంచంలో పెరుగుతున్నది. ఆ ఫలితం ఈ కార్మికునికి చేరే వ్యవస్థ మాత్రం లేదు. ఎలుకకు పరీక్ష ఉన్నది, ఎలుకను పట్టినవానికి పరీక్ష లేదు. ఈ వ్యత్యాసమే మన సమస్య.

వ్యాధి ఎలా వస్తుంది?

ఎలుక అనగానే మన పెద్దలకు గుర్తు వచ్చేది ప్లేగు. ఇంట్లో ఎలుకలు చచ్చిపడితే ఊరు ఖాళీచేసి పొలాలలో గుడిసెలు వేసుకున్న సంగతులు వారు చెప్పేవారు. ప్లేగు ఒక బాక్టీరియా వల్ల వచ్చే వ్యాధి. కేరళలో "ఎలిప్పని", అంటే ఎలుక జ్వరం, అని ప్రజలు పిలిచే లెప్టోస్పైరోసిస్ కూడా బాక్టీరియా వ్యాధియే. ఈ రెండింటికీ మందులు ఉన్నాయి. సకాలంలో గుర్తిస్తే రోగి బ్రతుకుతాడు.

వైరస్‌ల సంగతి వేరు. వీటిలో ముందుగా చెప్పుకోవలసినవి హాంటావైరస్‌లు. 1950–53 కొరియా యుద్ధంలో వేలాది సైనికులకు జ్వరం, రక్తస్రావం, మూత్రపిండాల వైఫల్యం సంభవించాయి. కారణం ఏమిటో అప్పుడు తెలియలేదు. 1976లో కొరియా శాస్త్రజ్ఞుడు హో వాంగ్ లీ ఆ వైరస్‌ను పొలాలలో తిరిగే ఒక చిట్టెలుక నుండి వేరుచేశాడు. తరువాత కొద్ది సంవత్సరాలకే, పొలం ముఖం చూడని సియోల్ నగరవాసులకు అదే తరహా వ్యాధి ఎందుకు వస్తున్నదని వెతికితే, నగరంలోని ఎలుకలలో దాని జ్ఞాతి వైరస్ దొరికింది. దానికి సియోల్ వైరస్ అని పేరు పెట్టారు. ఓడలతో పాటు ప్రపంచమంతటా వ్యాపించిన పెద్ద గోధుమరంగు ఎలుక దీనికి ఆశ్రయం. అందువల్ల రేవు పట్టణాలకు ఈ విషయంతో ప్రత్యేక సంబంధం ఉన్నది.

ఈ వైరస్ సోకిన ఎలుక జబ్బుపడదు. పైకి ఆరోగ్యంగానే తిరుగుతూ, దీర్ఘకాలం పాటు తన మూత్రం, పెంటికలు, చొంగ ద్వారా వైరస్‌ను వదులుతూ ఉంటుంది. అవి ఎండి దుమ్ములో కలుస్తాయి. ఆ దుమ్మును పీల్చినవానికి, లేదా ఎలుక కరిచినవానికి వైరస్ సోకుతుంది. గోడౌనులో నెలల తరబడి కదలని బస్తాలను కదిపినప్పుడు లేచే దుమ్మును ఒక్కసారి తలచుకోండి. మనలో ఎంతమందికి అది దినచర్యయో మీకు తెలుసు. సియోల్ వైరస్ సోకిన వారిలో అధికులు కోలుకుంటారు; వ్యాధి ముదిరి మరణించేవారు నూటికి ఒకరిద్దరు లేక అంతకంటె తక్కువ. అయితే దీనికి ప్రత్యేకమైన మందు లేదు. మూత్రపిండాలు దెబ్బతినకుండా కాపాడుకోవడమే చికిత్స. కనుక ముందుగా గుర్తించడం ఇక్కడ మరింత ముఖ్యం.

పరిశీలన అంటే ఏమిటి?

ఎలుకలను చంపడం పరిశీలన కాదు. ఎన్నిక చేసిన స్థలాలలో బోనులు పెట్టి ఎలుకలను సజీవంగా పట్టి, ఏ జాతి, ఆడా మగా, బరువు ఎంత, ఏ వీధిలో, ఏ గోడౌనులో దొరికింది అని నమోదు చేస్తారు. మత్తు ఇచ్చి రక్తం, ఊపిరితిత్తి, కాలేయం, మూత్రపిండం, పెంటికల నమూనాలు తీసి అతిశీతల పెట్టెలలో భద్రపరుస్తారు. రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా, కణజాలంలో వైరస్ జన్యుపదార్థం ఉన్నదా అని వేరువేరుగా పరీక్షిస్తారు. యాంటీబాడీ ఉంటే ఆ ఎలుకకు ఎప్పుడో వైరస్ సోకిందని అర్థం. జన్యుపదార్థం దొరికితే వైరస్ ఇప్పుడు ఆ శరీరంలో ఉన్నదని అర్థం. ఈ పనిని ఒక్కసారి చేసి వదలివేస్తే ప్రయోజనం స్వల్పం. అదే స్థలంలో ఋతువు ఋతువుకూ చేస్తేనే మార్పు తెలుస్తుంది.

ఇలాంటి పరిశీలనల వల్ల ఏమి తెలిసింది? 2014లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు న్యూయార్క్ నగరంలో పట్టిన 133 ఎలుకల పరీక్షా ఫలితాలను ప్రచురించారు. వాటిలో మనుషులకు విరేచనాలు కలిగించే అనేక బాక్టీరియాలు ఉన్నాయి. ఆ నగరపు ఎలుకలలో అంతవరకు నమోదు కాని సియోల్ వైరస్ ఉన్నది. అంతకు ముందు శాస్త్రానికి తెలియని 18 కొత్త వైరస్‌లు కూడా కనిపించాయి. కోవిడ్ కాలంలో, 2021లో, అదే నగరంలో పట్టిన 79 ఎలుకలలో 13 ఎలుకల రక్తంలో కరోనా వైరస్‌కు యాంటీబాడీలు ఉన్నట్లు 2023లో ప్రకటించారు. అనగా ఎలుక నుండి మనిషికే కాదు, మనిషి నుండి ఎలుకకు కూడా వైరస్‌లు వెళ్ళగలవు.

కెనడాలోని వాంకూవర్ నగరంలో జరిగిన పరిశీలన మనకు మరొక పాఠం చెబుతుంది. లెప్టోస్పైరా బాక్టీరియా కోసం అక్కడి పేదల పేటలో ఎలుకలను పరీక్షించగా, ఒక వీధిభాగంలో ఒక్క ఎలుకకూ అది లేదు. మరొక వీధిభాగంలో మూడింట రెండు వంతుల ఎలుకలకు ఉన్నది. మొత్తం మీద సగటు 11 శాతం మాత్రమే. ఎలుక తన వీధిని దాటి సాధారణంగా దూరం పోదు. అందువల్ల "మా నగరంలో ఎలుకల పరిస్థితి ఫరవాలేదు" అని అధికారి చెప్పే సగటు అంకె కార్మికునికి పనికిరాదు. తాను పనిచేసే వార్డులో, తాను దిగే కాలువలో పరిస్థితి ఏమిటన్నదే అతనికి కావాలి.

అదే నగరంలో ఇంకొక సంగతి బయటపడింది. కొన్ని వీధులలో ఎలుకలను పట్టి చంపిన తరువాత, మిగిలిన ఎలుకలలో ఆ బాక్టీరియా ఉండే అవకాశం పెరిగింది. ఎలుకల గుంపు చెదిరిపోయి, బ్రతికినవి కొత్త చోట్లకు మారి, కొత్త ఎలుకలతో కలియబడటం వల్ల ఇలా జరిగి ఉండవచ్చునని పరిశోధకుల అభిప్రాయం. కాగితంపై చూపడానికి వారం రోజులు మందు పెట్టి, చెత్తను మాత్రం ఎక్కడిదక్కడే వదలివేసే పద్ధతి ఎంత నిష్ప్రయోజనమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

వెతకని వానికి దొరకదు

పరిశీలన విలువను స్పష్టంగా చూపే ఉదంతం హెపటైటిస్ "ఇ" విషయంలో జరిగింది. 2010లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో పట్టిన ఎలుకల పెంటికలలో మనుషుల హెపటైటిస్ "ఇ" వైరస్‌ను పోలిన మరొక వైరస్ ఉన్నదని పరిశోధకులు కనుగొన్నారు. మనిషికి ఇది సోకదని చాలామంది భావించారు. ఎనిమిది సంవత్సరాలు గడిచాయి. 2018లో వెలువడిన నివేదిక ప్రకారం, హాంగ్‌కాంగ్‌లో కాలేయ మార్పిడి చేయించుకొన్న 56 ఏళ్ళ వ్యక్తికి కాలేయం పరీక్షలు మళ్ళీ చెడ్డగా వచ్చాయి. మామూలు హెపటైటిస్ "ఇ" జన్యు పరీక్షలో ఏమీ దొరకలేదు. వైద్యులు అక్కడితో ఆగక మరింత వెతికారు. ఆయన శరీరంలో ఉన్నది ఎలుకల వైరస్. మనిషిలో అది రుజువు కావడం అదే మొదటిసారి. తరువాత హాంగ్‌కాంగ్‌లోనే మరికొందరిలోనూ, స్పెయిన్ వంటి ఇతర దేశాలలోనూ అది బయటపడింది.

హాంబర్గ్‌లో ఎలుకను పరీక్షించి ఆ వైరస్ ఆనవాలు వ్రాసి పెట్టకపోతే, హాంగ్‌కాంగ్‌లో పోల్చి చూచుకునేందుకు కొలబద్ద ఉండేది కాదు. ఎలుకలోని వైరస్‌ను ముందుగా తెలుసుకుంటే మనిషిలోని వ్యాధిని గుర్తించే దారి ఏర్పడుతుంది. పరిశీలనకు అనుకూలంగా చెప్పగలిగిన బలమైన వాదన ఇది.

అయితే మనం అతిశయోక్తులకు పోరాదు. ఎలుకలో ఒక వైరస్ కనిపించినంత మాత్రాన అది మనిషికి సోకుతుందని కాదు. సోకినా జబ్బు చేస్తుందని కాదు. జబ్బు చేసినా ఒకరి నుండి మరొకరికి పాకుతుందని కాదు. న్యూయార్క్‌లో దొరికిన 18 కొత్త వైరస్‌లలో ఏదైనా మనిషికి హాని చేస్తుందని ఆ పరిశోధన రుజువు చేయలేదు. కరోనా యాంటీబాడీలున్న ఎలుకలు మనుషులకు కోవిడ్ అంటించాయన్న ఆధారమూ అందులో లేదు. మన సభ్యులను భయపెట్టి సమీకరించడం సులభమే. కాని భయం వారం రోజులు ఉంటుంది. సరైన సమాచారం మీద నిలబడిన కోర్కెయే చర్చల బల్ల దగ్గర నిలుస్తుంది.

మన దేశ చరిత్ర

ఈ పని మన దేశానికి కొత్త కాదు. ఎలుకల పరిశీలన శాస్త్రం రూపుదిద్దుకోవడంలో మన ఉపఖండానికీ పాత్ర ఉన్నది. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలింది. లక్షలాది ప్రజలు నగరం విడిచి పారిపోయారు. మిల్లులు ఖాళీ అయ్యాయి. 1898లో కరాచీలో పాల్ లూయీ సీమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఎలుక నుండి ఎలుకకు ప్లేగును చేర్చేది దాని ఒంటి మీది గోమారి వంటి చిన్న పురుగు, అనగా ఎలుక ఈగ, అని ప్రయోగపూర్వకంగా చూపాడు. 1899 ఆగస్టు 10న బొంబాయిలో ప్రారంభమైన ప్లేగు పరిశోధనాలయమే నేటి హాఫ్‌కిన్ సంస్థ. 1905 తరువాత ప్లేగు పరిశోధనా సంఘం బొంబాయిలో వీధివీధినా ఎలుకలను సేకరించి పరీక్షించింది.

అదే కాలం మనకు మరొక హెచ్చరిక కూడా చేస్తున్నది. 1897 అంటువ్యాధుల చట్టం క్రింద ఇళ్ళలో సోదాలు జరిపి, సామానులు వీధిన పడవేసి, స్త్రీల గౌరవాన్ని కూడా పాటించకుండా ప్రవర్తించడం వల్ల పూనాలో ప్రజాగ్రహం చెలరేగి, ప్లేగు అధికారి రాండ్ హత్యకు దారితీసింది. ప్రజల విశ్వాసం లేని ఆరోగ్య నిఘా దౌర్జన్యంగా మారుతుంది. ఎలుక దొరికిందని గుడిసెలను కూల్చే అధికారులు నేటికీ ఉండవచ్చు. పరిశీలన ఫలితం పేదవాడిని తొలగించడానికి సాకు కారాదని మనం మొదటినుండే స్పష్టంగా చెప్పాలి.

1994లో సూరత్‌లో ప్లేగు వార్త వ్యాపించినప్పుడు మరల లక్షలమంది పారిపోయారు. సుమారు 50 మంది మరణించారు. మరుసటి సంవత్సరం ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనరుగా వచ్చిన తరువాత ఆ నగరపు పారిశుద్ధ్యం దేశానికి ఆదర్శమైందని ప్రశంసలు వచ్చాయి. ఆ ప్రశంసలో సింహభాగం చీపురు పట్టిన చేతులకు చెందవలసినదని మాత్రం చెప్పినవారు తక్కువ.

ఇక వైరస్‌ల సంగతి. 1964లో తమిళనాడులోని వెల్లూరులో, తొట్టపాళయం అనే పేటలో పట్టిన చుంచు నుండి ఒక వైరస్‌ను వేరుచేశారు. చుంచును మనం చుంచెలుక అంటాము గాని శాస్త్రరీత్యా అది ఎలుక కాదు. ఆ వైరస్‌కు తొట్టపాళయం వైరస్ అనే పేరు వచ్చింది. కొరియా వైరస్ వెలుగులోకి రావడానికి పన్నెండేళ్ళ ముందే మన దేశంలో వేరుచేసిన ఈ వైరస్ కూడా హాంటావైరస్ కుటుంబానికి చెందినదేనని తరువాత తేలింది. అది మనిషికి జబ్బు చేస్తుందని నిర్ధారణ కాలేదు. కాని అదే వెల్లూరు పరిశోధకులు మూత్రపిండ రోగులతో పాటు గిడ్డంగి కార్మికుల రక్తాన్ని కూడా పరీక్షించి, పరీక్షించిన వారిలో కొందరికి హాంటావైరస్ యాంటీబాడీలు ఉన్నాయని 2005లో ప్రచురించారు. లెప్టోస్పైరోసిస్‌ను పోలిన లక్షణాలతో మన దేశంలో మరణించిన ఒక రోగిలో హాంటావైరస్ ఆధారాలు ఉన్నట్లు 2006లో మరొక నివేదిక వెలువడింది.

గిడ్డంగి కార్మికుని రక్తం గురించి శాస్త్ర పత్రికలో వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ సభలో ఉన్న గిడ్డంగి కార్మిక సంఘాల ప్రతినిధులలో ఆ మాట విన్నవారు ఎందరు? చేతులు ఎత్తమని నేను అడగను. సమాచారం మన వరకు రాలేదన్నది మన తప్పు కాదు.

మన ఎలుకలు కూడా వేరు. కలకత్తా, బొంబాయి వంటి నగరాల గోడౌనులలో పందికొక్కు జాతులదే రాజ్యం. ఇళ్ళలో నల్ల ఎలుక. కనుక న్యూయార్క్ అంకెలను తెచ్చి మన గోడౌనుకు అతికించలేము. మన కలుగులలో ఏమున్నదో మనమే చూచుకోవాలి.

ఎలుకను పట్టేవాడు

బొంబాయి మునిసిపాలిటీలో దశాబ్దాలుగా రాత్రిపూట ఎలుకలు చంపే కార్మికులు ఉన్నారు. ఒక చేత టార్చి లైటు, మరొక చేత కర్ర. రాత్రికి 30 ఎలుకలు లెక్క చూపాలి. లెక్క తగ్గితే కూలికి కోత. ఆ సంగతి పత్రికలలో వచ్చింది, 2010లో ఒక డాక్యుమెంటరీ చిత్రంగా కూడా వచ్చింది. తెల్లవారిన తరువాత ఆ ఎలుకలను లెక్కించి, కొన్నింటిని ప్లేగు పరీక్షకు హాఫ్‌కిన్ సంస్థకు పంపుతారు. ఈ ఏర్పాటులో శాస్త్రం ఉన్నది, లెక్క ఉన్నది, రిజిస్టరు ఉన్నది. ఎలుక రక్తం అంటిన చేతి గురించిన కాలమ్ ఆ రిజిస్టరులో ఉన్నదా అన్నదే మన ప్రశ్న.

ఒక రేవు పట్టణంలో నాకు ఎదురైన కేసు చెబుతాను. యజమాని పేరు, ఆస్పత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. ధాన్యం గోడౌనులో పనిచేసే హమాలీకి తీవ్రమైన జ్వరం, నడుము నొప్పి, కళ్ళు ఎర్రబారడం, తరువాత మూత్రం తగ్గిపోవడం వచ్చాయి. డెంగీ కాదన్నారు. టైఫాయిడు కాదన్నారు. డయాలిసిస్ చేసి ప్రాణం నిలిపారు. కాని బస్తా మోసే శక్తి పోయింది. సంఘం తరఫున నష్టపరిహారం అడిగితే, "ఏ వ్యాధి? గోడౌనులోనే వచ్చిందని ఆధారమేమిటి?" అన్నారు. కేస్ షీటులో వ్యాధి స్థానంలో "జ్వరం" అనీ, వృత్తి స్థానంలో "కూలి" అనీ ఉన్నది. గోడౌనులో ఎలుకలను ఎవరూ ఎన్నడూ పరీక్షించలేదు. అది ఎలుక వల్ల వచ్చిన జబ్బేనని నేను అనడం లేదు. కాదని చెప్పగలిగినవారు కూడా లేరు. తెలుసుకునే ఏర్పాటు లేకపోవడం వల్ల కలిగిన నష్టమంతా ఒక్క హమాలీ కుటుంబం భరించింది.

చట్టం ఏమంటున్నది?

1923 నాటి నష్టపరిహార చట్టం మూడవ షెడ్యూలు, "ఎ" భాగంలో మొదటి అంశమే అంటువ్యాధులు, పరాన్నజీవుల వ్యాధులు. ఆస్పత్రి, ప్రయోగశాల పనులే గాక, జంతువులనూ జంతు కళేబరాలనూ ముట్టుకునే పని, జంతువుల వల్ల కలుషితమై ఉండగల సరుకును ముట్టుకునే పని, కలుషితమయ్యే ప్రత్యేక ప్రమాదమున్న ఇతర పనులు అందులో చేరి ఉండేవి. ఎలుకలు తిరిగిన బస్తా "జంతువుల వల్ల కలుషితమై ఉండగల సరుకు" కాక మరేమిటి? 2025 నవంబరు 21 నుండి అమలులోకి తెచ్చిన సామాజిక భద్రతా కోడ్ మూడవ షెడ్యూలులో కూడా ఈ అంశం ఉన్నది. ఆ కోడ్‌లపై మన అభ్యంతరాలు వేరే సంగతి. చేతికందిన ఆయుధాన్ని మాత్రం వదలుకోరాదు.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. "బి" భాగంలోని వ్యాధులకు ఆరు నెలల నిరంతర సర్వీసు కావాలి. "ఎ" భాగానికి ఆ షరతు లేదు. మూడు నెలల క్రితం చేరిన కాంట్రాక్టు కార్మికుడు కూడా అర్హుడే. అంతేగాక ఆ వృత్తిలో ఆ వ్యాధి సోకితే, అది పని వల్లనే వచ్చినట్లు భావించాలి. కాదని రుజువు చేసుకునే భారం యజమానిది. కాని ఆ అవకాశం దక్కాలంటే ముందు వ్యాధికి పేరు ఉండాలి, పనిస్థలంలో కాలుష్య ప్రమాదం ఉన్నదని చూపాలి. అక్కడికి రాగానే ఎలుకల పరిశీలనా రిజిస్టరు కార్మికుని సాక్షిగా మారుతుంది. ఈ వార్డులో, ఈ గోడౌనులో, ఫలానా నెలలో పట్టిన ఎలుకలలో ఫలానా వైరస్ ఉన్నదని ప్రభుత్వ రికార్డు ఉంటే, యజమాని వాదన అంత తేలిక కాదు.

అంతర్జాతీయంగా కూడా పరిస్థితి మారింది. 2025 జూన్‌లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభ పనిస్థలాలలోని జీవసంబంధ ప్రమాదాలపై 192వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. బాక్టీరియా, వైరస్ వంటి ప్రమాదాలన్నింటిపై ఇలాంటి ఒడంబడిక ఇదే మొదటిది. నివారణ చర్యలు, శిక్షణ, సమాచారం, కార్మిక సంఘాలతో సంప్రదింపులు ఇందులో బాధ్యతలుగా చెప్పబడ్డాయి. దీనిని మన దేశం ధ్రువీకరించాలన్నది మన ఫెడరేషన్ కోర్కెలలో చేరవలసి ఉన్నది.

మన కోర్కెలు

మొదటిది: ప్రతి పెద్ద నగరంలో, రేవులో, ప్రధాన ధాన్య గిడ్డంగులలో ఎలుకలను ఏడాది పొడవునా క్రమబద్ధంగా పరీక్షించే ఏర్పాటు ఉండాలి. ప్లేగుతో ఆగక హాంటావైరస్‌లు, ఎలుకల హెపటైటిస్ "ఇ", లెప్టోస్పైరాలను కూడా చూడాలి.

రెండవది: ఫలితాలను వార్డుల వారీగా, గోడౌనుల వారీగా, కార్మికుల భాషలో మస్టరు కేంద్రంలో ప్రకటించాలి. ఏమి దొరికింది, దాని అర్థమేమిటి, ఏమి జాగ్రత్త తీసుకోవాలి – ఈ మూడు మాటలు ఉండాలి.

మూడవది: బోను పెట్టే, నమూనాలు మోసే కార్మికులకు పర్మినెంటు ఉద్యోగం, శిక్షణ, తొడుగులు, ముఖకవచం ఇవ్వాలి. ఎలుక కరిస్తే దానిని పని ప్రమాదంగా అదే రోజు నమోదు చేయాలి. తలల లెక్కన కూలి ఇచ్చే పద్ధతి పోవాలి. అది కార్మికుని ఎలుకతో పోటీకి దింపుతుంది.

నాలుగవది: ఎలుకలతో సంబంధమున్న కార్మికుల రక్త నమూనాను, వారి సమ్మతితో, చేరినప్పుడూ తరువాత ఏటేటా తీసి భద్రపరచాలి. వృత్తి భద్రతా కోడ్‌లోని ఉచిత వార్షిక వైద్యపరీక్షలో దీనిని చేర్చాలి. ఫలితం మొదట కార్మికునికి చెప్పాలి. యాంటీబాడీ ఉన్నదన్న కారణంతో ఎవరినీ పనినుండి తొలగించరాదు. ఈ చివరి షరతు లేకుండా మిగిలినవాటికి మనం ఒప్పుకోరాదు.

అయిదవది: మందు పెట్టడం కంటె ముందు చెత్త తొలగింపు, మూసిన మురుగు కాలువలు, గోడౌను నేలకూ గోడలకూ మరమ్మతులు జరగాలి. 2025 జనవరిలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, పరిశీలించిన 16 నగరాలలో 11 నగరాలలో ఎలుకలు పెరుగుతున్నాయి. ఎక్కువగా వేడెక్కుతున్న నగరాలలో ఆ పెరుగుదల ఎక్కువ. కనుక ఈ సమస్య తనంతట తాను తగ్గదు.

శాఖలు వెంటనే చేయగలిగినవి

ప్రభుత్వం కదలేవరకు మనం కూర్చోనక్కరలేదు. ప్రతి శాఖ ఒక నోటు పుస్తకం తెరవాలి. ఎలుక కరిచిన సంఘటనలు, కారణం తేలని జ్వరాలు, కామెర్లు, మూత్రపిండాల జబ్బులు – తేదీ, పనిస్థలం, ఆస్పత్రి పేరుతో వ్రాయాలి. ఆస్పత్రిలో చేరిన సభ్యుని వెంట ఒక కార్యకర్త వెళ్ళి, కేస్ షీటులో "కూలి" అని గాక "ధాన్యం గోడౌను హమాలీ, ఎలుకలతో సంబంధం ఉన్నది" అని వ్రాయించాలి. ఆ ఒక్క వాక్యం వైద్యుని ఆలోచనను మారుస్తుంది. రేపు కోర్టులో కాగితంగా నిలుస్తుంది.

ఎలుకలున్న చోట పొడి చీపురుతో ఊడ్వరాదు. తలుపులు కిటికీలు తెరిచి అరగంట గాలి ఆడనివ్వాలి. ద్రవరూపపు బ్లీచి ఒక పాలుకు తొమ్మిది పాళ్ళ నీరు కలిపి పెంటికల మీద చల్లి, కనీసం అయిదు నిమిషాలు నాననిచ్చి, తొడుగు వేసుకొన్న చేతితో తడిగుడ్డతో తీయాలి. చచ్చిన ఎలుకను ఉత్తచేతితో తాకరాదు. కరిస్తే వెంటనే సబ్బుతో కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి. ఇందుకు కావలసిన సామాను కొనవలసినవాడు యజమాని. కార్మికుడు తన కూలి డబ్బుతో కొనుక్కోవలసిన అవసరం లేదు.

మిత్రులారా! శాస్త్రానికి మనం వ్యతిరేకులం కాము. ఎలుకను పరీక్షించే శాస్త్రజ్ఞుడు మన మిత్రుడు. అతని పని జరగాలనే మనం కోరుతున్నాము. అతని ప్రయోగశాలలో తేలిన సంగతి మస్టరు కేంద్రం గోడ మీదికి, ఆస్పత్రి కేస్ షీటులోకి, నష్టపరిహారపు ఫైలులోకి రావాలన్నదే మన అభ్యర్థన. ఆ దారి వేసే పని శాస్త్రజ్ఞుడు చేయలేడు. సంఘమే చేయాలి. ఈ తరగతి ముగిసి ఇళ్ళకు వెళ్ళే ప్రతినిధులు, రాబోయే శాఖా సమావేశపు ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చి, ఆ నోటు పుస్తకపు మొదటి పేజీ వ్రాసి, దాని నకలును ఫెడరేషన్ కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాను.